పాత మారుతి జిప్సీ: ముందు ఇంట్లో రిపేరు, ఆ తర్వాతే మార్పులు

పాత జిప్సీ కొన్నవాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "పెద్ద టైర్లు ఏ సైజు దాకా పడతాయి? బండిని ఎంత ఎత్తు లేపొచ్చు?" దానికి జవాబు ఈ వ్యాసం చివర్లో ఉంది. అది చివర్లోనే ఉండాలి కూడా. ఇరవై ఏళ్లు నలిగిన బండికి కింగ్ పిన్ బేరింగులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండేవి) అరిగిపోయి, కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) బుష్షులు పిండైపోయి ఉంటే, దానికి పెద్ద టైర్లు ఎక్కించడం ఉన్న జబ్బును రెట్టింపు చేయడమే. టైర్లకని దాచుకున్న డబ్బులో సగం ముందు బేరింగులు, సీళ్లు, బుష్షుల మీద పెట్టండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున జిప్సీ ఎంత బాగా నడిచేదో అప్పుడు తెలుస్తుంది. అది తెలిశాక చాలామందికి లిఫ్టు (బండిని ఎత్తు లేపడం) మీద మోజు సగం తగ్గిపోతుంది.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ జిప్సీయో చూసుకోండి. 1985 చివర్లో వచ్చిన మొదటి మోడల్ ఎంజీ410. దానిది 970 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు. 1996లో 1298 సీసీ ఇంజన్, ఐదు గేర్లతో జిప్సీ కింగ్, అంటే ఎంజీ413డబ్ల్యూ వచ్చింది. 2000లో అదే ఇంజన్ కార్బురేటర్ వదిలేసి 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐగా (ఒక్కో సిలిండరుకు విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి) మారి 80 హార్స్ పవర్‌కు చేరింది. 2019 నాటికి మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. అన్నింటికీ నిచ్చెన లాంటి ఛాసిస్, ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు, నాలుగు వైపులా కమాన్లు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా కింగ్ గురించి. పాత 410కి కూడా ముందు యాక్సిల్ పని పద్ధతి ఇదే. బయటి దేశాల్లో సుజుకి సమురాయ్ పేరుతో అమ్మింది కూడా ఈ కుటుంబమే కాబట్టి, అమెరికాలో సమురాయ్ కొనుక్కున్న మనవాళ్లకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

సుత్తి పట్టుకుని ఛాసిస్ కిందికి

ఇంజన్ బాగు చేయించుకోవచ్చు, గేర్ బాక్స్ మార్చుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే మాత్రం బండి మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. అందుకే మొదటి పని తుప్పు చూడటం. చిన్న సుత్తి, టార్చిలైటు, పాత స్క్రూ డ్రైవర్ తీసుకుని బండి కిందికి వెళ్లండి. ఛాసిస్ పొడవునా జానెడు జానెడు దూరంలో మెల్లగా కొడుతూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. కుళ్లిన చోట శబ్దం చచ్చుగా, డొల్లగా వస్తుంది, లోపల తుప్పు పెచ్చులు రాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. అలాంటి చోట స్క్రూ డ్రైవర్ గుచ్చితే దిగిపోతుందంటే అక్కడ రేకు మిగల్లేదన్నమాట.

ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: కమాన్ల హ్యాంగర్లు ఛాసిస్‌కు అతికిన దగ్గర, బాడీ మౌంటింగుల కింద, వెనక క్రాస్ మెంబర్, స్టీరింగ్ బాక్స్ బోల్టులు పట్టే చోటు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండైతే ఈ పరీక్షకు ఒక పూట కేటాయించండి. పైన కొత్త పెయింటు తళతళలాడుతోంది కదా అని వదిలేయొద్దు. కింద మందంగా కొట్టిన నల్ల అండర్ కోటింగ్ చాలాసార్లు తుప్పును దాచడానికే ఉంటుంది.

లోపల మ్యాట్లన్నీ ఎత్తి ఫ్లోరు చూడండి. ఫ్లోరు రేకు పోతే భయపడక్కర్లేదు, టింకరింగ్ తెలిసినవాళ్లు కోసి కొత్త రేకు వేస్తారు. ఛాసిస్ మీద వెల్డింగు మాత్రం ఇంట్లో చిన్న మిషన్‌తో చేసే పని కాదు, ఛాసిస్ పని చేసే షాపుకే వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఛాసిస్‌లు, కమాన్లు, లేత్ పనులు చేసేవాళ్లు పక్కపక్కనే ఉంటారు, అలాంటి చోటు మేలు. ఎక్కడ వెల్డింగు చేయించినా ముందు బ్యాటరీ తీగలు విప్పండి, ఎంపీఎఫ్‌ఐ బండైతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) కనెక్టరు కూడా పీకండి. వెనక భాగంలో పనైతే పెట్రోలు ట్యాంకు దించాల్సిందే. "ట్యాంకు ఖాళీగానే ఉందన్నా, ఏం కాదు" అనే మాట వినొద్దు. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం.

చోటు, పనిముట్లు

సిమెంటు నేల ఉన్న చదునైన చోటు చాలు. పానాల సెట్టు (రింగు, ఫిక్స్ రెండూ), సాకెట్ సెట్టు, టార్క్ రెంచ్, రెండు టన్నుల జాకీ, కనీసం రెండు మంచి స్టాండ్లు, గ్రీజు గన్, సర్‌క్లిప్ ప్లాయరు, ఇత్తడి డ్రిఫ్ట్ (సుత్తితో కొట్టి తోసే కడ్డీ), చిన్న స్ప్రింగు కాటా కావాలి. ఈ చివరిది ఎందుకో కాసేపట్లో చెబుతాను. తుప్పు పట్టిన బోల్టుల మీద ముందు రోజు రాత్రే రస్ట్ రిమూవర్ స్ప్రే కొట్టి ఉంచితే మర్నాడు సగం శ్రమ తగ్గుతుంది.

జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎప్పుడూ వెళ్లకండి. రెండు నిమిషాల పనే కదా అనిపించినా సరే, స్టాండు పెట్టి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు వేసి, బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి. ఇటుకలు, రాళ్లు స్టాండ్లు కావు. అవి ఒక్కసారిగా పగులుతాయి.

ఆయిళ్లు తీస్తే చరిత్ర తెలుస్తుంది

జిప్సీలో ఇంజన్ ఆయిల్ కాక ఇంకో నాలుగు చోట్ల ఆయిల్ ఉంటుంది: గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె), ముందు హౌసింగు, వెనక హౌసింగు. కొన్న వెంటనే నాలుగూ మార్చండి. గేర్ బాక్స్‌కు దాదాపు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేస్‌కు 0.8, ముందు హౌసింగుకు 2, వెనక హౌసింగుకు 1.5 లీటర్లు పడుతుంది. అన్నింటికీ 75డబ్ల్యూ90 గ్రేడు సరిపోతుంది. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్‌లలో జీఎల్-4, హౌసింగుల్లో జీఎల్-5 పోయండి. జీఎల్-5లో ఉండే మందులు గేర్ బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు. అన్నిటికీ ఒకటే డబ్బా వాడేద్దాం అనేవాళ్ల మాట ఇక్కడ పట్టించుకోవద్దు.

ఆయిల్ తీసేటప్పుడు ఒక నియమం ఉంది. ముందు పైనున్న నింపే ప్లగ్గు విప్పండి, అది వచ్చాకే కింది డ్రైన్ ప్లగ్గు ముట్టుకోండి. కింది ప్లగ్గు ముందు తీసి ఆయిలంతా కార్చేశాక పై ప్లగ్గు రాకపోతే, బండి అక్కడే కూర్చుంటుంది.

తీసిన ఆయిల్‌ను తెల్ల గిన్నెలో పట్టి ఎండలో చూడండి. పాలు కలిపినట్టుగా ఉంటే నీళ్లు దూరాయి. బండి వాగులో దిగింది, బ్రీదరు (లోపలి గాలి ఆడే చిన్న దారి) మూసుకుపోయింది లేదా సీలు పోయింది. ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిద ముద్ద అంటుకుంటే మామూలే, అది వయసుతో వచ్చే అరుగుదల. ముక్కలు, పెచ్చులు కనిపిస్తే మాత్రం ఆ హౌసింగు విప్పక తప్పదు. గేర్ బాక్స్ ఆయిల్లో పసుపు మెరుపు కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి.

స్టీరింగ్ ఒణుకు: కింగ్ పిన్ పని మొదటి నుంచి చివరి దాకా

పాత జిప్సీలో ఎక్కువమందిని భయపెట్టేది ఇదే. అరవై కిలోమీటర్ల వేగం దగ్గర చిన్న గుంత తగిలిందంటే చాలు, స్టీరింగ్ చేతిలోంచి జారిపోయేలా ఊగిపోతుంది. వెంటనే చాలా షాపుల్లో స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బరు) మార్చేస్తారు. కొన్ని రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. డ్యాంపర్ ఒణుకును కాసేపు దాచగలదు గానీ, దాన్ని పుట్టించేది అది కాదు. చూడాల్సిన వరుస ఇది: టైరు గాలి, బ్యాలెన్సింగు, వీల్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ బేరింగులు, కమాన్ బుష్షులు. డ్యాంపర్ అన్నిటికన్నా చివర.

ముందు చక్రం గాల్లోకి లేపి, టైరును పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (వదులు) కనిపిస్తే, ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోయిందంటే దోషం వీల్ బేరింగుది, ఎందుకంటే డిస్కును క్యాలిపర్ పట్టేసింది. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్ బేరింగులు పోయినట్టే. కింగ్ పిన్లంటే చక్రానికి తలుపు బందుల్లాంటివి. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో నకిల్ (చక్రాన్ని మోసే ముక్క) తిరుగుతుంది. బందులు వదులైతే తలుపు ఎలా ఊగుతుందో మీకు తెలుసు.

ఒక వైపు పనికి తీరిగ్గా ఒక రోజు పెట్టుకోండి. బేరింగులు, నకిల్ సీల్ కిట్టు, యాక్సిల్ లోపలి ఆయిల్ సీలు, వీల్ బేరింగ్ సీలు, మాలిబ్డినం కలిసిన లిథియం గ్రీజు ముందే తెచ్చి పెట్టుకోండి. విప్పాక షాపుకు పరుగెత్తితే పని రెండు రోజులు సాగుతుంది.

1. బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు ఒక తిప్పు వదులు చేయండి. తర్వాత యాక్సిల్ హౌసింగు కింద జాకీ పెట్టి లేపి, స్టాండు పెట్టి, చక్రం తీసేయండి.

2. క్యాలిపర్ విప్పి, తీగతో కమానుకు వేలాడదీయండి. బ్రేకు గొట్టం మీద దాని బరువు పడకూడదు.

3. హబ్బు ముందు భాగం, అంటే మీ బండికి ఏది ఉంటే అది, ఫ్రీ వీల్ హబ్బు గానీ మామూలు ఫ్లాంజి గానీ విప్పండి. లోపల షాఫ్టు చివర సర్‌క్లిప్ ఉంటుంది, తీయండి. వాషరు మడతలు విప్పి పెద్ద నట్టు తీస్తే హబ్బు, డిస్కు కలిసి బయటికి వస్తాయి. బయటి బేరింగు కింద పడకుండా బొటనవేలు అడ్డం పెట్టండి.

4. స్పిండిల్ విప్పి, యాక్సిల్ షాఫ్టును నిదానంగా బయటికి లాగండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గ్రీజు చూడండి. నల్లగా, చిక్కగా ఉంటే సరే. నూనెలా పల్చబడి కారుతుంటే హౌసింగులోని గేర్ ఆయిల్ లోపలి సీలు దాటి వచ్చి గ్రీజులో కలిసింది. సీలు మార్చకుండా మూసేస్తే కొత్త గ్రీజు కూడా కొద్ది నెలల్లో అలాగే అవుతుంది. షాఫ్టు జాయింటును చేతిలో పట్టుకుని అన్ని కోణాల్లో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తున్నా, గోళీలు నడిచే దారుల్లో గుంటలున్నా జాయింటు అరిగిపోయింది.

5. టై రాడ్ ఎండ్ విడదీయండి. నట్టు విప్పాక మరల మీద సుత్తితో కొడితే మరలు చచ్చిపోతాయి. నకిల్ చేతిలో టై రాడ్ ఎండ్ కూర్చునే కన్నానికి పక్క నుంచి గట్టిగా ఒకటి రెండు దెబ్బలు వేస్తే కోను వదిలేస్తుంది.

6. నకిల్ వెనకున్న సీలు ప్లేట్ల చిన్న బోల్టులు విప్పండి. ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఉందో ఫోనులో ఫోటో తీసుకోండి. రేకు కవరు, ఫెల్టు, రబ్బరు సీలు తిరిగి అదే వరుసలో పోవాలి.

7. పై కింగ్ పిన్‌కు, కింది కింగ్ పిన్‌కు గుర్తులు పెట్టి విప్పండి. వాటి కింద పల్చటి షిమ్ములు (సందు సరిచేసే రేకు బిళ్లలు) ఉంటాయి. ఏ షిమ్ము ఏ పిన్నుదో దానికే కట్టి పక్కన పెట్టండి. నకిల్ వస్తుంటే కింది బేరింగు జారి పడుతుంది, కింద చెయ్యి పెట్టండి.

8. హౌసింగు చివర గుండు లాంటి భాగంలో బేరింగు కప్పులు పైనా కిందా బిగిసి ఉంటాయి. వాటి మీద వేలు తిప్పితే రోలర్లు కొట్టిన గుంటలు వరుసగా తగులుతాయి. ఒణుకు మూలం అక్కడే ఉంది. కొన్నేళ్లపాటు బండి నేరుగా నడుస్తూ ఒకే చోట దెబ్బలు తినడం వల్ల అలా అవుతుంది. ఇత్తడి డ్రిఫ్టుతో లోపలి నుంచి అటూ ఇటూ సమంగా కొట్టి బయటికి తీయండి. కొత్త కప్పును పెట్టి, దాని మీద పాత కప్పునే పెట్టి కొడితే వంకరపోకుండా దిగుతుంది. పూర్తిగా దిగాక సుత్తి శబ్దం మారుతుంది, అప్పుడు ఆపండి. గుండు బయటి ముఖం మీద తుప్పు గుంటలుంటే సన్నని ఎమెరీ కాగితంతో నున్నగా చేయండి, లేకపోతే కొత్త సీలు పెదవిని అది కోసేస్తుంది.

9. కొత్త బేరింగులకు గ్రీజు బాగా ఎక్కించి, సీలు పెట్టకుండానే నకిల్ బిగించండి. పాత షిమ్ములే వేసి, కింగ్ పిన్ బోల్టులు బిగించండి. ఇప్పుడు ఆ స్ప్రింగు కాటా తీయండి. టై రాడ్ ఎండ్ పట్టే కన్నానికి కాటా కొక్కెం తగిలించి, నకిల్ చేతికి లంబంగా లాగండి. నకిల్ కదలడం మొదలైనప్పుడు కాటా 1 నుంచి 1.8 కిలోల మధ్య చూపించాలి. తక్కువ చూపిస్తే షిమ్ము తగ్గించండి, ఎక్కువ చూపిస్తే పెంచండి. ఈ కొలత మాటెత్తకుండా చేత్తో ఊపి "బానే ఉంది" అని మూసేసే చోట కింగ్ పిన్ పని చేయించినా ఒణుకు తిరిగి రావడానికి కారణం ఇదే. కొలత కుదిరాక విప్పి సీలు పెట్టాలా అని భయపడక్కర్లేదు. సీలు భాగాలను ముందే హౌసింగు మీదికి తొడిగి వెనక్కి జరిపి ఉంచుకుంటే, కొలత అయ్యాక ముందుకు లాగి బోల్టులు బిగించడమే మిగులుతుంది.

10. లోపలి ఆయిల్ సీలు కొత్తది కొట్టి, షాఫ్టును సీలుకు గీత పడకుండా మెల్లగా దూర్చండి. జాయింటులో గ్రీజు పూర్తిగా నింపండి. నకిల్ గదిలో మాత్రం గొంతు దాకా కుక్కొద్దు, వేడెక్కినప్పుడు సీలును బయటికి తోసేస్తుంది. స్పిండిల్ లోపలి బుష్షుకు గ్రీజు మరవొద్దు.

11. హబ్బు ఎక్కించి, పెద్ద నట్టును బిగించి, హబ్బును నాలుగైదు చుట్లు తిప్పి, నట్టును వదులు చేసి మళ్లీ బిగించండి. హబ్బు తేలిగ్గా తిరగాలి, ఊపితే ఆట ఉండకూడదు. రెండూ కుదిరిన చోట వాషరు మడత పెట్టండి. మిగతావన్నీ విప్పిన వరుసకు తిరగేసి బిగించండి.

రెండో వైపు కూడా చేయండి. ఒక్క వైపే చేసి చూద్దాం అనుకుంటే కొత్త బేరింగుల మీద పాతవాటి దెబ్బలన్నీ పడతాయి.

కమాన్లు

జిప్సీ గట్టిగా ఎగురుతుందని అందరూ అంటారు. నిజమే గానీ, అందులో పెద్ద భాగం పట్టీల మధ్య తుప్పు పట్టి, అవి ఒకదాని మీద ఒకటి జారక పట్టేయడం వల్లే. కమాన్ కట్ట దించి, సెంటర్ బోల్టు విప్పి (సీ క్లాంపు వేసి మెల్లగా విప్పండి, పట్టీలు ఎగిరి తగులుతాయి), ప్రతి పట్టీనీ వైర్ బ్రష్షుతో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పూసి తిరిగి కట్టండి. మెత్తదనం కోసం ఒక పట్టీ తీసేయమని కొందరు సలహా ఇస్తారు. ఖాళీ బండికి బానే ఉంటుంది, నలుగురు ఎక్కి సామాను వేస్తే మాత్రం కమాను ఎదురు వంగి విరుగుతుంది. పట్టీలు సాగిపోయి ఉంటే కమాన్ల పని చేసేచోట ఆర్చి పెట్టించడం మంచి దారి.

బుష్షులు మార్చాక షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే కదిలే పట్టు) నట్లను ఎప్పుడు బిగించాలన్నది చాలామంది పట్టించుకోరు. బండి జాకీ మీద ఉండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. ముందు చేతి బిగువుతో వదిలి, బండిని చక్రాల మీద నిలబెట్టి, పైన కూర్చుని నాలుగుసార్లు ఊపి, అప్పుడు పూర్తిగా బిగించండి. యూ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి, పాతవి సాగి ఉంటాయి.

ట్రాన్స్‌ఫర్ కేస్, ఫోర్ బై ఫోర్

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ బాక్స్‌కు అతికి ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా ఛాసిస్‌కు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. ఆ రబ్బర్లు తెగితే లివరు దానంతటదే జారిపోవడం, వేగం ఎత్తుకునేటప్పుడు దబ్ మనడం మొదలవుతాయి. గేర్ బాక్సే పోయిందని విప్పించుకునే ముందు ఈ మౌంటింగులు చూడండి. ఇవి ఇంట్లోనే మార్చుకోవచ్చు, ఖర్చూ తక్కువ. అప్పుడే ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులకు (యూనివర్సల్ జాయింట్లకు) గ్రీజు కొట్టి, చేత్తో మెలిపెట్టి ఆట చూడండి. షాఫ్టు విప్పే ముందు రెండు ఫ్లాంజీల మీదా గుర్తు గీయండి, అదే కోణంలో తిరిగి కలపాలి.

ఈ బండికి మధ్య డిఫరెన్షియల్ లేదు. ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే స్థితిలో) ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం నడవాలి. మట్టి మీదైతే టైరు కొంచెం జారి సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టులు, క్రాసులు, గేర్ల మీద పడుతుంది. లివరు టూ హైలోకి (వెనక చక్రాలే లాగే స్థితికి) రాకుండా పట్టేసిందంటే కారణం ఇదే. బలవంతం చేయకుండా బండిని నేరుగా కొన్ని అడుగులు రివర్సు తీసుకోండి, వదిలేస్తుంది. ఏడాదంతా వాడకపోయినా నెలకోసారి మట్టిరోడ్డు మీద ఫోర్ హైలో కాసేపు నడపండి. ఆయిల్ అన్ని చోట్లకూ చేరుతుంది, లివర్లు తుప్పు పట్టవు.

మిగతా పాత వ్యాధులు, క్లుప్తంగా

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే ఇప్పుడే మార్చండి. ఆ పనిలో క్రాంక్ పుల్లీ నడి బోల్టును టార్క్ రెంచ్‌తో, మాన్యువల్లో చెప్పినంత బిగించాలి. అది వదులైతే కీ తొలుచుకుపోయి, టైమింగ్ జారి, చివరికి క్రాంకే పాడవుతుంది.

వేసవిలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకేయడం మన దగ్గర పెద్ద అలవాటు. దయచేసి పీకొద్దు. రేడియేటర్ శుభ్రం చేయించి, హోసులు మార్చి, కొత్త వాల్వు వేసి, కూలెంటు పోయండి. ఇవి బాగుంటే మే నెల ఎండలోనూ బండి వేడెక్కదు.

పెట్రోలు గొట్టాలు పాతవైతే అన్నీ మార్చండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును మెత్తబరిచి పగలగొడుతుంది. కార్బురేటర్ బండి నెలల తరబడి నిలబెడితే అందులో నీరు చేరి కార్బురేటర్ గిన్నె అడుగున తుప్పు పడుతుంది.

వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు వేలితో ఎత్తి చూడండి. తడి కనిపిస్తే కొత్తవి వేయండి. రాత్రిపూట లైట్లు మసగ్గా ఉంటే ఎక్కువ వాట్ల బల్బు కొనడం కాదు మందు. రెండు 55 వాట్ల బల్బులు దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. అదంతా పాత స్విచ్చి, పాత తీగల గుండా పోతుంది. రిలే వేసి బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి తీగ లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టి, ఎర్త్ తీగల చివర్లు గీకి బిగించండి. అవే బల్బులతో తేడా మీకే కనిపిస్తుంది.

ఇక మార్పులు

కింగ్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్15, ఎత్తు దాదాపు 668 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703 మి.మీ. అవుతుంది. కమాన్లు సాగిపోని బండికి ఇది లిఫ్టు లేకుండానే పడుతుంది. పల్లెటూరి దారులకు, అడవి మట్టిరోడ్లకు ఇంతకన్నా అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. 235/75 ఆర్15 అయితే 733 మి.మీ. బండి కింద పెరిగే ఎత్తు కంపెనీ టైరుతో వచ్చే తేడాలో సగమే, సుమారు 33 మి.మీ. దానికోసం మీరు ఇచ్చుకునేది ఎక్కువ: మీటరు 60 చూపిస్తే బండి నిజానికి 66 దగ్గర ఉంటుంది, ఐదో గేరులో చిన్న ఎత్తుకే రొప్పుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, కింగ్ పిన్లు, వీల్ బేరింగుల మీద బరువు పెరుగుతుంది, తిప్పితే ఫెండరుకో కమానుకో రాసుకుంటుంది.

లిఫ్టులో అందరూ ముందు పట్టుకునేది పొడవు షాకిళ్లు, చవక కాబట్టి. షాకిల్ ఎంత పొడవు పెంచితే బండి అందులో సగమే లేస్తుంది. పైగా జిప్సీకి ముందు కమానుల షాకిల్ ముందువైపు ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే యాక్సిల్ ముందుకు వాలి, క్యాస్టర్ (కింగ్ పిన్లు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి నేరుగా అవదు, అంత కష్టపడి పోగొట్టిన ఒణుకు మళ్లీ తయారవుతుంది. వేయాల్సిందే అనుకుంటే కమానుకూ యాక్సిల్‌కూ మధ్య క్యాస్టర్ వెడ్జీలు వేసి కోణం సరిచేయించండి. దీనికన్నా ఎక్కువ ఆర్చి ఉన్న కమాన్లు కట్టించుకోవడం మెరుగు. కమానును యాక్సిల్ పైకి మార్చే పని మాత్రం ఇంట్లో వద్దు. డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్డు) కోణం, బ్రేకు గొట్టాలు, ప్రొపెల్లర్ షాఫ్టుల పొడవు అన్నీ మారిపోతాయి.

ఏ లిఫ్టు వేసినా ఒక పరీక్ష తప్పదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి యాక్సిల్‌ను పూర్తిగా వేలాడనివ్వండి. బ్రేకు గొట్టం బిగుసుకోకూడదు, ప్రొపెల్లర్ షాఫ్టు జారుడు జాయింటులోంచి ఊడిపోయేంత బయటికి రాకూడదు, షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగి బరువు మోయకూడదు.

స్నార్కెల్ (ఇంజన్‌కు ఎత్తు నుంచి గాలి తెచ్చే గొట్టం) పెట్టాలనుకునేవాళ్లు ముందు బ్రీదర్లు చూడండి. వేడిగా ఉన్న హౌసింగు చల్లటి నీళ్లలో దిగగానే లోపల గాలి కుంచించుకుపోయి, సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. రెండు హౌసింగులు, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ బ్రీదర్లకు సన్నని గొట్టాలు వేసి బోనెట్ కిందికి ఎత్తున తెచ్చి కట్టండి. సాయంత్రం పని, కొన్ని వందల ఖర్చు. వేల రూపాయల స్నార్కెల్ కన్నా ఇదే మీ బండిని కాపాడుతుంది.

ఆర్‌టీవో ముందు నిలబడేది ఈ బండే

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. బుల్ బార్లు తీసేయించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఇంజన్, రంగు, బాడీ మార్చాలంటే ముందే ఆర్‌టీవో అనుమతి తీసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి ఫిట్‌నెస్ చూసి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేస్తారు కాబట్టి, విప్పిన ఒరిజినల్ టైర్లు, షాకిళ్లు, బంపరు పారేయకుండా దాచుకోండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు ముందు చూసేది కూడా చెప్పకుండా చేసిన మార్పులనే. బయటి రాష్ట్రం బండి కొంటే ఎన్‌ఓసీ, మిలటరీ వేలం బండైతే అమ్మకపు కాగితాలు చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

పని అంతా అయ్యాక మొదటి వంద కిలోమీటర్లకు చక్రం నట్లు, ఐదు వందల కిలోమీటర్లకు యూ బోల్టులు, షాకిల్ నట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు, కింగ్ పిన్ బోల్టులు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి. నకిల్ వెనక సీలు చుట్టూ వేలు తిప్పి గ్రీజు కారుతోందేమో చూసి, తేదీ, మీటరు రీడింగు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.